ట్యూషన్ కంటే ముందు రక్తపరీక్ష

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి పదో తరగతి. కిందటేడాది వరకూ లెక్కల్లో మంచి మార్కులు వచ్చేవి, ఇప్పుడు సగానికి పడిపోయాయి. క్లాసులో కునికిపాట్లు పడుతోందని టీచరు చెప్పారు. పుస్తకం పట్టుకుంటే తలనొప్పి అంటుంది, మేడ మెట్లెక్కితే ఆయాసపడుతుంది. పొద్దున్న స్పెషల్ క్లాసులని టీ ఒక్కటి తాగేసి పరిగెడుతుంది. మా ఆయనైతే ఇదంతా బద్ధకం, ఫోను వల్లే అంటున్నారు. మార్చిలో పరీక్షలు, నాకేమో టెన్షన్. ఇంకో ట్యూషన్ పెట్టించమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. ముందు ఈ వారంలోనే పాపని మీ పీహెచ్‌సీకి తీసుకెళ్లి హిమోగ్లోబిన్ చూపించండి. ఉత్తరం చదివి ఇదే జబ్బని తేల్చలేం గానీ, నిద్రమత్తు, ఆయాసం, తలనొప్పి, చదివింది బుర్రకెక్కకపోవడం, ఇవన్నీ ఈ వయసు ఆడపిల్లలో ఒకేసారి కనిపిస్తే మొదటి అనుమానం రక్తహీనత మీదికే పోతుంది. ఇదేదో అరుదైన విషయం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తం తక్కువగా ఉందని తేలింది, అంటే మీ పాప క్లాసులో ఆడపిల్లల్లో సగం మందికి ఇదే ఇబ్బంది ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు.

లెక్కలకీ దీనికీ సంబంధం ఏమిటంటారా? మెదడుకి ఆక్సిజన్ మోసుకెళ్లేది రక్తంలోని హిమోగ్లోబిన్, అది తయారవ్వాలంటే ఐరన్ కావాలి, పైగా మెదడు తన పని తాను చేసుకోవడానికి కూడా ఐరన్ కావాలి. 2001లో అమెరికాలో 6 నుంచి 16 ఏళ్ల పిల్లల మీద చేసిన ఒక అధ్యయనం అచ్చయింది. ఐరన్ తక్కువున్న పిల్లలు లెక్కల్లో సగటు కంటే వెనకబడే అవకాశం మిగతావాళ్ల కంటే రెట్టింపు పైనే ఉందని అందులో తేలింది. రక్తహీనత దాకా రాకుండా ఒంట్లో ఐరన్ నిల్వలు మాత్రమే తగ్గిన పిల్లల్లోనూ ఆ తేడా కనిపించింది. అలాంటి పిల్లని పట్టుకుని బద్ధకం అనడం అన్యాయం, మీ ఆయనకి ఈ మాట నా మాటగా చెప్పండి.

హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తక్కువ వస్తే రక్తహీనతే. 8 కంటే తక్కువైతే ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. బడిలో వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర పాప మింగుతోందా, కడుపులో తిప్పుతోందని పారేస్తోందా, కోప్పడకుండా అడగండి. అన్నం తిన్నాక వేసుకుంటే ఆ వికారం తగ్గుతుంది, విరేచనం నల్లగా వచ్చినా భయం లేదు. కాకపోతే ఆ వారపు మాత్ర రక్తహీనత రాకుండా చూసేందుకు. వచ్చేశాక డాక్టరు చెప్పిన మోతాదులో రోజూ కొన్ని నెలలు వాడాలి, మధ్యలో మళ్లీ రక్తం చూపించాలి. అప్పటికీ పెరగకపోతే కారణం వేరే ఉండొచ్చు, సికిల్ సెల్ లాంటి పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బులు ఐరన్‌తో తగ్గవు. నెలసరి ఏడు రోజులు దాటి అవుతోందేమో కూడా మీరే అడగాలి, పిల్లలు ఆ సంగతి వాళ్లంతట వాళ్లు చెప్పరు. నులిపురుగుల మాత్ర వేయించడం మరవొద్దు.

ఇక ఆ టీ. తిండితోపాటు గానీ, తిన్న వెంటనే గానీ టీ తాగితే తిండిలోని ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదు, కనీసం గంట ఎడం ఉండాలి. పొద్దున్న టీ బదులు చోడి (రాగి) అంబలి ఇవ్వండి, ఒక ఉడికించిన గుడ్డు, కుదరకపోతే రాత్రి నానబెట్టిన శెనగలు. మునగాకు, తోటకూర వండిన రోజు అందులో నిమ్మరసం పిండండి, లేదా ఒక జామకాయ తినిపించండి, వాటిలోని సి విటమిన్ ఐరన్‌ని లోపలికి లాగుతుంది. మాంసం, చేపలు తినే ఇల్లయితే పిల్లకి కూడా సరిగ్గా వడ్డించండి (మన ఇళ్లలో ఆడపిల్ల ముక్కలు తమ్ముడి కంచంలోకి పోవడం నేను చాలా చూశాను, అది చూసిన ప్రతిసారీ నాకు కోపం వస్తుంది). ఫోను గురించి మీ ఆయన చెప్పిందీ కొట్టిపారేయలేం, ఈ వయసుకి రోజుకి కనీసం ఎనిమిది గంటల నిద్ర ఉండాలి, చదివింది గుర్తుండేది కూడా ఆ నిద్రలోనే కుదురుకుంటుంది. రాత్రి పదికి ఫోను మీ దగ్గర పెట్టేసుకోండి.

ప్రశ్న: మాది రాజాం. మా బాబు ఆరో తరగతి. బోర్డు మీద రాసింది పక్కవాడి పుస్తకంలో చూసి ఎక్కించుకుంటున్నాడు, అదీ తప్పులే. చదువు మీద ధ్యాస లేదంటారా?

జవాబు: ముందు కళ్లు చూపించండి. ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష ఉచితం, బడి పిల్లలకి అద్దాలు కూడా ఉచితంగా ఇచ్చే పథకం ఉంది. అద్దాలు పెడితే చూపు ఇంకా తగ్గిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. రిపోర్టు వచ్చేదాకా టీచరుకి చెప్పి బాబుని ముందు బెంచీలో కూర్చోబెట్టించండి.