చెరువు పచ్చబడి, పొద్దున్నే చేపలు తేలుతుంటే

బోటింగ్ నడిచే మీ కాలనీ చెరువు పచ్చ పెయింట్ పోసినట్టయిందని, పొద్దున్నే చేపలు చచ్చి తేలుతున్నాయని, మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) చల్లమని ఎవరో చెప్పారని రాశారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ పచ్చదనం నాచే, అదంతా ఒక్కసారిగా చచ్చి కుళ్లితే ఉన్న కాస్త ఆక్సిజనూ పోతుంది. విషం ఉన్న రకమైతే అదీ నీళ్లలోకి దిగుతుంది.

పగలు ఎండలో ఆక్సిజన్ వదిలే నాచే రాత్రంతా దాన్ని పీల్చేస్తుంది. అందుకే మధ్యాహ్నం నీళ్లలో ఆక్సిజన్ మీటర్ పెడితే అంతా బాగున్నట్టే చూపిస్తుంది. తెల్లవారకముందే కొలవండి. లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే తగ్గితే చేపలకు కష్టకాలమే. ఫౌంటెన్ ఉంటే రాత్రిళ్లు నడపండి. చాలాచోట్ల సరిగ్గా అప్పుడే ఆపేస్తారు!

నీటి తేట చూడటానికి సెకీ డిస్క్ చాలు. 20 సెంటీమీటర్ల గుండ్రటి రేకును నాలుగు భాగాలుగా గీసి ఒకటి విడిచి ఒకటి నలుపు, తెలుపు రంగులేయండి. బరువు, కొలతలు గుర్తుపెట్టిన తాడు కట్టి దించండి. కనుమరుగైన లోతు, పైకి లాగుతుంటే మళ్లీ కనిపించిన లోతు, రెండింటి సగటు రాసుకోండి. వారానికోసారి, అదే చోట, అదే వేళకి.

అసలు జబ్బు చాలావరకు ఒడ్డునే ఉంటుంది. వాన లేని రోజుల్లోనూ చెరువులోకి పారే కాలువ ఏదో చూడండి, దాదాపు అది మురుగే. ఫొటోలు, రీడింగులు జతచేసి మున్సిపాలిటీకి, కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఇవ్వండి. ఈలోగా తెట్టు కట్టిన వైపు పిల్లల్ని, కుక్కల్ని దిగనివ్వకండి.