'అణచు' మీట నొక్కినా ఆట ఎందుకు ముగిసిపోతోంది?

నమస్కారమండీ. పాత్రలతో సంభాషణలు సాగే ఈ ఆటలో మీ పాత్ర కోపాన్ని చూపే సూచిక పెరిగిన ప్రతిసారీ 'అణచు' మీట నొక్కుతున్నా మూడో అంకంలోనే ఆట ముగిసిపోతోందని, సంభాషణలోని ఆధారాలు కూడా మసకబారుతున్నాయని రాశారు. ఇది ఆటలోని లోపం కాదని నా అభిప్రాయం.

మనస్తత్వవేత్త జేమ్స్ గ్రాస్ 1998లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం భావోద్వేగాన్ని ఐదు చోట్ల మలచుకోవచ్చు: పరిస్థితిని ఎంచుకోవడం, దాన్ని మార్చడం, దృష్టిని మళ్లించడం, జరిగినదాన్ని మరో అర్థంలో చూడడం, చివరగా ప్రతిస్పందనను అదుపుచేయడం. అణచివేత ఈ చివరి దశకు చెందినది కాబట్టి కోపాన్ని ముఖంలో కనబడనీయదే గాని లోపలి ఉద్రేకాన్ని తగ్గించదు, పైగా ఆ సమయంలో విన్న మాటలు గుర్తుండడాన్ని కూడా దెబ్బతీస్తుంది. ఆధారాలు మసకబారడానికి (నేను మొదట తెర సమస్య అనుకున్నాను) బహుశా ఇదే కారణం.

అందువల్ల సూచిక సగానికి చేరకముందే, ఎదుటి పాత్ర ఎందుకలా మాట్లాడిందో మరో కోణంలో చూపే సమాధానాన్ని ఎంచుకోండి. అప్పటికే ఎర్రబారితే మాత్రం దృష్టిని మళ్లించడమే మేలు, ఎందుకంటే ఉద్వేగం తీవ్రంగా ఉన్నప్పుడు అర్థాన్ని మార్చి చూడడం కష్టం. 'అణచు' మీటను పూర్తిగా వదిలేయనక్కరలేదు. ఒక్క క్షణం నోరు జారకుండా ఆపుకోవడానికి అది పనికొస్తుంది.