ఆ రాత్రి ఆటకి వెళ్ళే ముందు

అమ్మలూ,

ఫెస్టివల్‌లో గాస్పర్ నోయే తీసిన ఫ్రెంచ్ సినిమా ‘ఇర్రెవర్సిబుల్’ రాత్రి ఆటకి టికెట్ కొన్నానని రాశావు. వద్దనను. అన్నా నువ్వు మానవు. కాకపోతే ఏం చూడబోతున్నావో తెలుసుకుని వెళ్ళు.

2002లో కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో వేసినప్పుడు రెండొందల మందికి పైగా మధ్యలోనే లేచిపోయారు. కొందరికి ఆక్సిజన్ కూడా పెట్టారు. తెర మీది నెత్తురొక్కటే అందుకు కారణం కాదు. మొదటి అరగంటా సౌండ్‌ట్రాక్ అడుగున 28 హెర్ట్‌జ్ ప్రాంతంలో, అంటే బాగా కింది స్థాయిలో, ఒక రొద నడుస్తుంటుంది. చెవికి సరిగా తెలియదు గానీ కడుపులో దేవుతుంది. పైగా కెమెరా గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. ఒళ్ళు తూలినట్టుంటే భయపడకు, అది వాళ్ళు కావాలని చేసిన పనే. కాసేపు తెర మీంచి చూపు తిప్పి ముందు సీటు వీపుని చూడు. ఆ పూట తేలిగ్గా తిను. నడవ పక్క సీటు చూసుకో.

కథ చెప్పేస్తున్నానని తిట్టుకోకు. సినిమా వెనక నుంచి ముందుకి నడుస్తుంది. అంటే పగ ముందొస్తుంది, దానికి కారణం తర్వాతొస్తుంది. మంటలార్పే సిలిండరుతో ఒకడి ముఖం చితక్కొట్టే సీను మొదట్లోనే ఉంది. ఆ తర్వాత సబ్‌వేలో ఒక ఆడమనిషి మీద అత్యాచారం, సుమారు 9 నిమిషాలు, ఒకే షాట్. అప్పటిదాకా కుదురు లేని కెమెరా అక్కడ కదలకుండా కూర్చుంటుంది. నువ్వు లేచిరావాలనుకుంటే అక్కడే లే. ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. ‘చివరిదాకా కూర్చున్నాం’ అని గొప్పలు పోయే కుర్రాళ్ళని పట్టించుకోకు, వాళ్ళలో సగం మంది ఆ సీనప్పుడు ఫోన్ చూసుకుంటారు.

అది దాటావంటే మిగతాదంతా నెమ్మదిస్తుంది. పార్టీ, మెట్రోలో కబుర్లు, ఆ జంట ఇల్లు, చివర పార్కులో పచ్చగడ్డి మీద బేతొవెన్ సంగీతం. ముందే లేచిపోయినవాళ్ళకి ఈ మురిపెం దక్కదు, హింసే మిగులుతుంది. నాకు ఆ సినిమా మీద గౌరవం కలిగింది ఇక్కడే. 2019లో వెనిస్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో కథని మామూలు వరసలో పేర్చి చూపించారు. ఆ కూర్పు నాకు రుచించలేదు.

ఇంకో మాట. ఆఖర్న తెర తెల్లగా టపటపా కొట్టుకుంటుంది. నీకు మైగ్రేన్ ఉంది కదా, పార్కు ఆకాశంలో కలిసిపోగానే కళ్ళు మూసేసుకో. ఆఖరి మెట్రో ఎన్నింటికో కూడా చూసుకుని వెళ్ళు.

బాబాయి