ఆగిపోయిన షో వేరే ఛానెల్‌కు వెళ్తుందా? మా నాన్నగారి పుస్తకం చూసి చెబుతున్నాను

ఇష్టంగా చూస్తున్న రియాలిటీ షోను ఛానెల్ ఆపేసింది, అది ఇంకో ఛానెల్‌లో వస్తుందా అని అడిగారు. రావచ్చు. మా ఇంట్లోనే ఆ ముచ్చట చూశాను. అయితే అన్ని షోలకూ ఆ యోగం ఉండదు. ఏ షోకు ఉందో తెలియాలంటే ఛానెల్ సంగతి పక్కన పెట్టి, ఆ షో పేరు ఎవరి సొత్తో చూడాలి.

మా నాన్నగారు హైస్కూలులో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. 2014 జూన్‌లో మా టీవీలో నాగార్జున ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ మొదలుపెట్టినప్పుడు ఆయన బజారుకు వెళ్లి ఒక పొడుగాటి పద్దుల పుస్తకం కొనుక్కొచ్చారు. రోజూ షోలో అడిగిన ప్రశ్నలు వరుస నంబరు వేసి అందులో రాసేవారు. నాలుగు ఆప్షన్లు తెర మీదికి వచ్చేలోపే తను జవాబు చెప్పగలిగితే పక్కన నీలం టిక్కు. తప్పితే ఎర్ర సిరాతో సరైన జవాబు. చరిత్రలో ఎర్ర సిరా దాదాపు కనిపించదు, సినిమాల్లో మాత్రం పేజీలకు పేజీలు ఎర్రగా ఉంటాయి. అమ్మ వంటింట్లోంచే సినిమా ప్రశ్నలకు జవాబులు చెప్పేది, ఆయన వాటిని లెక్కలో వేసుకునేవారు కాదు.

నాగార్జున మూడు సీజన్లు నడిపారు. 2017 ఫిబ్రవరిలో నాలుగో సీజన్‌కు చిరంజీవి వచ్చారు. అప్పటికి ఛానెల్ స్టార్ సంస్థ చేతికి వెళ్లి స్టార్ మా అయింది. ఆ సీజన్ అయిపోయాక మళ్లీ ఊసు లేదు. పుస్తకంలో చివరి నంబరు 1,614. ఇక్కడ నా బాధ ఒకటి చెప్పుకోవాలి. సీరియల్ ఎంత అధ్వానంగా నడిచినా చివరి రోజు ‘శుభం’ అని వేసి దండం పెడతారు. రియాలిటీ షోకు ఆ పాటి మర్యాద కూడా లేదు. మళ్లీ ఎప్పుడు వస్తుందో, అసలు వస్తుందో లేదో ఒక్క ముక్క చెప్పరు. మూడేళ్లు దాని ముందు కూర్చున్న మనిషికి ఒక మాట బాకీ ఉండరా?

నాలుగేళ్లకు, 2021లో, ఆ షో జెమినిలో వస్తోందని తెలిసింది. పేరు కొంచెం తిప్పి ‘ఎవరు మీలో కోటీశ్వరులు’ అన్నారు, కూర్చునేది జూనియర్ ఎన్టీఆర్. ఆగస్టు 22న ప్రారంభం, మొదటి అతిథి రామ్‌చరణ్. ఆ రోజు చిరంజీవి పుట్టినరోజు కూడా. పాత ఛానెల్‌లో తండ్రి కూర్చున్న ఆటకు కొత్త ఛానెల్‌లో కొడుకు మొదటి అతిథి.

శుక్రవారం వరలక్ష్మీ వ్రతానికి పుట్టింటికి వెళ్లిన నేను ఆదివారం కూడా అక్కడే ఉన్నాను. సాయంత్రం నాన్నగారు స్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకుని, పుస్తకం, రెండు కలాలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. రిమోట్ నొక్కితే నల్ల తెర మీద ఒక చిన్న డబ్బా, అందులో ఒక్క వాక్యం: ఈ ఛానెల్ మీ ప్యాకేజీలో లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. 2019లో టీవీ ఛానెళ్ల ధరల నిబంధనలు చూసే కేంద్ర సంస్థ ట్రాయ్ కొత్త ధరల పద్ధతి తెచ్చినప్పుడు కేబుల్ అతను కాగితం ఇచ్చి, కావలసిన ఛానెళ్లకు టిక్కు పెట్టమన్నాడు. అప్పట్లో నూరు ఛానెళ్లకు కనీస రుసుము 130, పన్నుతో 153 రూపాయలు, ఆ పైన డబ్బు కట్టాల్సిన ప్రతి ఛానెల్‌కూ విడి ధర. చూసినదానికే కట్టండి అన్నారు, వినడానికి ఎంతో బాగుంది. తీరా చూస్తే మునుపటికంటే ఎక్కువే అయ్యేలా ఉంది. పింఛను లెక్క చూసుకుని నాన్నగారు జెమినిని కొట్టేశారు. షో ఛానెల్ మారితే ఖర్చు ఛానెల్ వాళ్లకే అనుకుంటాం. చూసేవాడి జేబుకూ ఖర్చేనని ఆ రోజు అర్థమైంది.

కేబుల్ అతనికి ఫోను చేశాను. ఆదివారం ఆఫీసు లేదన్నాడు. సోమవారం చేస్తే సాయంత్రానికి వస్తుందన్నాడు, రాలేదు. మంగళవారం మధ్యాహ్నం వచ్చింది. ఈలోగా నాన్నగారు ఊరుకోలేదు. తనతో పాటు పనిచేసిన లెక్కల మాస్టారికి ఫోను చేసి, “ప్రశ్న మాత్రం చదవండి మాస్టారూ, జవాబు చెప్పకండి” అని ఆ రెండు రోజుల ప్రశ్నలూ రాయించుకున్నారు. పుస్తకం తెరిచినప్పుడు నేను పక్కనే ఉన్నాను. కొత్త పేరు రాయలేదు. 1,614 కింద గీత కూడా కొట్టకుండా 1,615 వేశారు.

“కొత్త షో కదా నాన్నగారూ, ఒకటి నుంచి మొదలుపెట్టరా?” అన్నాను.

“కొత్తదేముందమ్మా? కుర్చీ అదే, ప్రశ్న అదే. ఇల్లు మారింది, అంతే” అన్నారు.

మీ ప్రశ్నకు జవాబు నాకు అక్కడే దొరికింది. ఆ ఆట మా టీవీదీ కాదు, జెమినిదీ కాదు. 1998లో బ్రిటన్‌లో పుట్టిన ఆట అది. ఇక్కడి ఛానెళ్లు హక్కులు తీసుకుని ఆడిస్తాయి. అద్దె ఇల్లు ఖాళీ అయితే ఇంకొకరు దిగుతారు. హిందీలోనూ అంతే. ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’ 2000లో స్టార్ ప్లస్‌లో మొదలై, 2007లో షారుఖ్ ఖాన్ సీజన్ తరువాత ఆగిపోయి, 2010లో సోనీలో లేచింది. హిందీ బిగ్‌బాస్ మొదటి సీజన్ సోనీలో, రెండోది కలర్స్‌లో. కన్నడ బిగ్‌బాస్ అయితే 2013లో ఈటీవీ కన్నడలో మొదలై, మరుసటి ఏడు సువర్ణకు వెళ్లి, ఆ పై ఏడు కలర్స్ కన్నడగా పేరు మార్చుకున్న మొదటి ఇంటికే తిరిగి వచ్చింది. ‘అమెరికన్ ఐడల్’ను 2016లో ఫాక్స్ ముగించేస్తే 2018లో ఏబీసీలో వచ్చింది.

ఛానెల్ సొంత బిడ్డగా పెరిగిన షో మాత్రం గడప దాటదు. ‘పాడుతా తీయగా’ 1996 నుంచి ఈటీవీది. బాలుగారు 2020లో పోయిన తరువాత ఆయన కొడుకు ఎస్పీ చరణ్ వచ్చి నడిపించినా అది ఈటీవీలోనే. దాన్ని మరో ఛానెల్‌లో ఊహించుకోండి చూద్దాం! ఈటీవీ కామెడీ షో ‘జబర్దస్త్’ విషయంలో మనుషులు కదిలారు. దాని న్యాయనిర్ణేత నాగబాబు 2019లో జీ తెలుగుకు వెళ్లి ‘అదిరింది’లో కూర్చున్నారు. పేరు వెంట రాలేదు, చూసేవాళ్లూ పూర్తిగా వెంట రాలేదు, అది ఎక్కువ కాలం నిలవలేదు. అందుకే న్యాయనిర్ణేత వెళ్లిపోయాడు కాబట్టి షో కూడా వెళ్తుందని ఆశపడకండి.

మీ షో సంగతి తేల్చుకోవాలంటే పాత ఎపిసోడ్ ఒకటి పెట్టి చివర పరుగెత్తే పేర్లు ఆపి చూడండి. హక్కులు బయటి సంస్థవని ఉంటే ఎదురుచూడండి, ఎప్పుడో ఒకప్పుడు రావచ్చు. ఛానెల్ పేరే ఉంటే ఆ ఛానెల్‌కు ఉత్తరం రాయడం తప్ప దారి లేదు. ఆ పేర్లను కూడా ఇప్పుడు తెరలో ఒక మూలకు నొక్కి, మిగతా చోటంతా ప్రకటనకు ఇస్తున్నారు. పనిచేసినవాళ్ల పేరు చదువుకోనివ్వకపోవడం అన్యాయం.

2021 నవంబరులో ఒక ఎస్సై ఆ కుర్చీలో కోటి రూపాయలు గెలిచిన రాత్రి నాన్నగారు నాకు ఫోను చేసి ఆఖరి ప్రశ్న దాకా చదివి వినిపించారు. ఆ సీజన్ కూడా అయిపోయింది. పుస్తకంలో ఇంకా కాగితాలు మిగిలే ఉన్నాయి. ఈసారి ఎక్కడ దిగుతుందో తెలియదని ఈటీవీ, జెమిని, మా, జీ నాలుగింటికీ ఆయనే టిక్కు పెట్టించారు, ఒక్కటి కూడా తీయనివ్వడం లేదు. మీరు కూడా ఎదురుచూడాలనుకుంటే ముందు మీ ప్యాకేజీ కాగితం బయటికి తీసి చూసుకోండి. ఆదివారం నాడు కేబుల్ వాళ్లు దొరకరు.