లద్దె పురుగు తినని వేరుశనగ రకం ఉందా?

ప్రశ్న: సార్, బోరు కింద 4 ఎకరాల్లో రబీకి కదిరి-6 వేశా, లద్దె పురుగు ఆకంతా జల్లెడ చేసింది. గట్టు అవతల మా బావ చేలో లేపాక్షి రకం బానే ఉంది. వచ్చేసారి మొత్తం అదే వేసేయొచ్చా?

జవాబు: అన్నా, ముందు మీ బావ ఏ రోజు విత్తాడో కనుక్కోండి. పదిహేను రోజులు తేడా ఉన్నా, ఆయన ముందే ఓసారి మందు కొట్టినా, మీరు యూరియా ఎక్కువేసి ఆకు లేతగా ఉన్నా పురుగు మీ వైపే దిగుతుంది, దానికి రకంతో పన్లేదు. లేపాక్షి మంచిది కాదనట్లేదు, గట్టు మీద నిలబడి చూసి తేల్చలేం అంటున్నా అంతే.

నిజంగా తేలాలంటే ఓ 10 సెంట్లు పక్కన పెట్టండి. కదిరి-6, లేపాక్షి, ఇంకో రెండు రకాలు, ఒక్కోటి ఐదేసి సాళ్లు (అదే ఒక మడి), అన్నీ ఒకే రోజు. ఇదే మళ్లీ ఇంకో రెండు చోట్ల వరస మార్చి వెయ్యండి, ఎందుకంటే పురుగు చేనంతా ఒకేలా పడదు. ఆ ముక్కలో మందు కొట్టకూడదు, ప్రాణం ఒప్పదు తెలుసు. కదిరి-6 కూడా తినకుండా ఉంటే ఆ ఏడు పురుగే రాలేదని, టెస్టు దండగైనట్టే.

పగలెళ్తే పెద్ద పురుగులు కనపడవు, చెట్టు మొదట్లో మట్టి నెర్రెల్లో దూరి ఉంటాయి, చీకటి పడ్డాక సెల్‌ఫోన్ లైటేసి చూడండి. ఆకు మీద గోధుమరంగు నూగు కప్పిన ముద్ద ఉంటే అవి గుడ్లు, ఒక్కదాంట్లోనే వందల్లో ఉంటాయి. మడికి 10 చెట్లు చూసి గుడ్ల ముద్దలెన్ని, పురుగులెన్ని, ఆకు నూటికి ఎంత పోయింది, మూడూ వేరువేరుగా రాయండి. గుడ్లే తక్కువుంటే తల్లి పురుగుకి ఆ రకం నచ్చలేదని. గుడ్లు ఉండి కూడా పిల్ల పురుగులు ఎదక్కుండా చస్తుంటే ఆ ఆకు వాటికి పడట్లేదని, మనకి కావాల్సింది ఇదే. మొదటి దాంట్లో ఓ మెలిక ఉంది: పక్కన వేరే రకం ఉంది కాబట్టే ఇది వదిలేసి ఉండొచ్చు, రేపు 4 ఎకరాలూ ఇదొక్కటే వేస్తే దానికి ఇంకో దారి లేక దీని మీదే గుడ్లు పెడుతుంది. మీ బావ చేను సంగతి అదేనేమో అని నా అనుమానం.

తట్టుకోవడంలో ఇంకో పద్ధతి కూడా ఉంది, పురుగు ఆకు తిన్నా చెట్టు మళ్లీ చిగురేసి కాయ నిలబెట్టుకుంటుంది. అందుకే చివర్లో ఏ మడికి ఆ మడి పీకి కాయ ఆరబెట్టి తూకం వెయ్యకుండా ఆకు చూసి మాత్రం మార్కులు వెయ్యొద్దు. అసలు ముట్టుకోని రకం అంటూ సాగులో ఉన్నవాటిల్లో లేదు, అంత గట్టి నిరోధం అడవి వేరుశనగల్లోనే కనిపిస్తుంది. ఇక్రిశాట్ వాళ్ల ఐసీజీవీ 86031 లాంటివి కొంత తట్టుకుంటాయి, విత్తనం కోసం కదిరి పరిశోధన స్థానంలో ఓసారి అడగండి.

ఏ రకం వేసినా చుట్టూ ఆముదం ఓ సాలు వెయ్యండి, తల్లి పురుగు ముందు దాని మీదే పెడుతుంది, ఆ గుడ్ల ఆకుల్ని తుంచి కాల్చేస్తే సగం పని అయినట్టే. మగ రెక్కల పురుగుల్ని వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు ఎకరానికి 4 చాలు. ఇప్పుడున్న పంట ఎన్ని రోజులదో, ఊడలు (కాయ కట్టడానికి పూల నుంచి మట్టిలోకి దిగేవి) దిగాయో లేదో రాయలేదు, రెండు ఫోటోలు పెడితే మందు కొట్టాలో లేదో చెప్తా.