నెలకోసారి జలుబు చేసే ఇంట్లో రోగనిరోధక శక్తి కోసం ఏం తినాలి, ఏం మార్చుకోవాలి?

మీ ప్రశ్న సారాంశం ఇది: ఇంట్లో ఎవరో ఒకరికి నెలకోసారి జలుబో గొంతు నొప్పో వస్తూనే ఉంది, చాలాకాలంగా కషాయాలు, విటమిన్ మాత్రలు వాడుతున్నా ఫలితం కనిపించలేదు, రోగనిరోధక శక్తి పెరగాలంటే ఇంకేమి తినాలి? నేను వైద్యుణ్ణి కాను. గుంటూరు జిల్లాలో ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసి, ఇప్పుడు హైదరాబాదులో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఎనభై దాటిన మా అమ్మగారు, రాత్రి షిఫ్టులు చేసిన అబ్బాయి, ఎల్‌కేజీ చదివే మనవరాలు ఒకే ఇంట్లో ఉండడం వల్ల ఈ విషయం గురించి చదవవలసి వచ్చింది, కొన్ని మార్పులు చేయవలసి వచ్చింది. కొత్తగా ఏదో చేర్చే ముందు ఏది తక్కువైందో చూడాలన్నది నా అభిప్రాయం.

ముందుగా ఒక లెక్క. బడికి కొత్తగా వెళ్లే పిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు, పెద్దలకు రెండు మూడు సార్లు జలుబు చేయడం వైద్యుల దృష్టిలో మామూలే. ఐదుగురున్న ఇంట్లో ఇవన్నీ కలిపితే ఏడాది పొడవునా ఎవరో ఒకరు తుమ్ముతూ ఉన్నట్టే అనిపిస్తుంది; అంతమాత్రాన ఆ ఇంటివాళ్లకు రోగనిరోధక శక్తి లేదని కాదు. పట్టించుకోవలసిన లక్షణాలు వేరే ఉన్నాయి: పదేపదే సెగగడ్డలు లేవడం, మూత్రంలో ఇన్ఫెక్షన్ తిరగబెట్టడం, చిన్న పుండు కూడా వారాల తరబడి మానకపోవడం, ఒకే ఏడాదిలో రెండుసార్లు న్యుమోనియా రావడం, కారణం లేకుండా బరువు తగ్గడం. మా తమ్ముడికి సెగగడ్డలు వరుసగా లేస్తుంటే, ఒంట్లో వేడి చేసిందనుకుని సబ్జా నీళ్లతో, మజ్జిగతో చాలాకాలం నెట్టుకొచ్చాడు. తరువాత రక్తపరీక్ష చేయిస్తే చక్కెర వ్యాధి బయటపడింది. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉన్నప్పుడు సూక్ష్మజీవులను మింగి చంపవలసిన తెల్ల రక్తకణాలు చురుగ్గా పనిచేయలేవు. చక్కెర అదుపులోకి వచ్చాక అతనికి గడ్డలూ ఆగాయి. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకారం మన దేశంలో పెద్దవారిలో 11.4 శాతం మందికి ఈ వ్యాధి ఉంది, కాబట్టి మీ ఇంట్లో నడివయసు వారందరికీ మొదట ఈ పరీక్ష చేయించండి.

ఇక ఆహారం. రోగనిరోధక వ్యవస్థ ఎంత ఎక్కువ స్పందిస్తే అంత మంచిదని అనుకోవడం సరికాదు. అది అతిగా స్పందిస్తే వచ్చేవే ఎలర్జీలు, అది సొంత కీళ్ల మీదికే తిరగబడితే వచ్చేదే రుమటాయిడ్ కీళ్లవాతం. దానికి కావలసింది తన పని తాను చేసుకోవడానికి సరిపడా ముడిసరుకు. ఆ ముడిసరుకులో మన ఇళ్లలో ఎక్కువగా లోపించేది ప్రోటీన్. సూక్ష్మజీవులను పట్టుకునే యాంటీబాడీలు ప్రోటీన్లే, ఎముక మజ్జలో నిత్యం తయారయ్యే తెల్ల రక్తకణాలకూ ప్రోటీన్ కావాలి.

భారత వైద్య పరిశోధన మండలి 2020లో ఇచ్చిన సిఫారసు ప్రకారం పెద్దవారికి శరీర బరువులో కిలోకు 0.83 గ్రాముల ప్రోటీన్ అవసరం, అంటే 60 కిలోల మనిషికి రోజుకు సుమారు 50 గ్రాములు. మన భోజనమేమో అన్నం కొండంత, పప్పు గోరంత. రోజు మొత్తంలో 250 గ్రాముల బియ్యం నుంచి 18 గ్రాములు, మనిషికి 30 గ్రాముల కందిపప్పు నుంచి ఆరేడు గ్రాములు, 200 గ్రాముల పెరుగు నుంచి మరో ఆరు గ్రాములు వచ్చాయనుకుంటే, మొత్తం 31 దాటదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు, రెండు వేల కేలరీల ఆహారంలో పప్పుధాన్యాలు 85 గ్రాములు ఉండాలని చెబుతున్నాయి. మన వాడకం అందులో సగానికి కూడా చేరదు. మా ఇంట్లో ఇందుకోసం కొత్త సరుకులేమీ కొనలేదు. పలుచని పప్పుచారు రోజుల్లో కొన్నింటిని ముద్దపప్పు రోజులుగా మార్చాము, సాయంత్రం బిస్కెట్లకు బదులు శనగలో అలసందలో గుగ్గిళ్లు వండుతున్నాము, ఉదయం ఉప్మా స్థానంలో తరచూ పెసరట్టు వేస్తున్నాము, తినేవారికి రోజూ ఒక గుడ్డు పెడుతున్నాము. అమ్మగారి విషయంలో అదనపు శ్రద్ధ అవసరమైంది. పళ్లు లేని పెద్దవారు నమలలేక మజ్జిగన్నంతో సరిపెట్టుకుంటారు, అది చూసి మనం వయసు మీద పడింది కదా, అంతే తింటారులే అనుకుంటాము. ఆమెకు పెసరపప్పు ఎక్కువ వేసి మెత్తగా ఉడికించిన పొంగలి, చిక్కని పెరుగు, పాలలో కలిపిన వేరుశనగ పొడి అలవాటు చేశాము. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం వైద్యుణ్ణి అడగకుండా ప్రోటీన్ పెంచకూడదు.

రెండవ లోపం ఇనుము. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. రక్తహీనత అంటే నీరసం మాత్రమే కాదు, ఇనుము తక్కువైతే రోగనిరోధక కణాలు వృద్ధి చెందడం కూడా మందగిస్తుంది. మా కోడలికి హిమోగ్లోబిన్ బాగా తగ్గినప్పుడు వైద్యురాలు ఇచ్చిన ఇనుము మాత్రలే దాన్ని నిలబెట్టాయి. తోటకూర, మునగాకు, రాగులు తరువాత దాన్ని కాపాడుకోవడానికి ఉపయోగపడ్డాయి. భోజనం ముగిసిన వెంటనే టీ తాగితే అందులోని టానిన్లు ఇనుమును పేగుల్లో సరిగా ఇంకనీయవు. అన్నం తిన్నాక కనీసం గంట ఆగి టీ తాగడం, ఇనుము బాగా ఇంకేలా ఆకుకూర పప్పును దించాక అందులో నిమ్మరసం పిండడం అనే రెండు అలవాట్లకు ఖర్చు ఏమీ లేదు.

విటమిన్ సి మాత్రల మీద మీరు పెడుతున్న డబ్బు మిగుల్చుకోవచ్చు. దీనిపై జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి పరిశీలించిన కాక్రేన్ సమీక్ష, మాత్రలు రోజూ వేసుకున్నా సాధారణ ప్రజల్లో జలుబులు తగ్గవని, వచ్చిన జలుబు పెద్దవారిలో 8 శాతం మేరకు త్వరగా తగ్గుతుందని తేల్చింది. వారం రోజుల జలుబులో అది అర రోజు కంటే కాస్త ఎక్కువ. పెద్దవారికి రోజుకు కావలసింది 65 నుంచి 80 మిల్లీగ్రాములు. 100 గ్రాముల జామకాయలో సుమారు 200 మిల్లీగ్రాములు ఉంటుంది.

కషాయాల గురించి కొంత జాగ్రత్తగా చెప్పాలి. మిరియాల చారు, అల్లం, తులసి, పసుపు పాలు జలుబు రోజుల్లో గొంతుకు హాయినిస్తాయి, మా ఇంట్లోనూ అవి ఆగలేదు. అయితే అవి వైరస్‌ను చంపుతాయని నమ్మి రోజూ మూడు పూటలా తాగితే కడుపులో మంట తప్ప మిగిలేది ఉండదు. తిప్పతీగ మాత్రం నేను వద్దంటాను. 2021లో ముంబై కాలేయ వైద్యులు, కోవిడ్ కాలంలో తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న ఉదంతాలను వైద్య పత్రికలో ప్రచురించారు. అదే పోలికలున్న వేరే మొక్క అయి ఉండవచ్చని ఆయుష్ మంత్రిత్వ శాఖ అభ్యంతరం చెప్పింది, కాని చెట్టు మీద నుంచి తీగ కోసుకొచ్చే మనలాంటివారు ఆ రెండింటినీ వేరు చేయలేరు కదా.

నిద్రను ఎవరూ మందుగా లెక్కపెట్టరు, కాబట్టే ఇది చివరికి మిగిలిపోతుంది. 2015లో అమెరికా పరిశోధకులు 164 మంది ఆరోగ్యవంతుల నిద్రను ముందుగా కొలిచి, తరువాత వారి ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేసి చూశారు. ఏడు గంటలకు పైగా నిద్రపోయినవారితో పోలిస్తే, ఆరు గంటల కంటే తక్కువ నిద్రపోయేవారికి జలుబు పట్టే అవకాశం నాలుగు రెట్లకు పైగా ఉన్నట్టు తేలింది. మా అబ్బాయి అమెరికా వేళల ప్రకారం పనిచేసినంతకాలం పగటి నిద్ర ఐదు గంటలు దాటేది కాదు, గొంతు ఇన్ఫెక్షన్ విడిచిపెట్టేది కాదు. పగటి షిఫ్టుకు మారాక అవి బాగా తగ్గాయి. ఒక్క మనిషి అనుభవం రుజువు కాదని నాకు తెలుసు. అయినా ఇంట్లో రాత్రి భోజనాన్ని పది నుంచి ఎనిమిదికి తీసుకురావడం, ఫోన్లను హాలులోనే ఛార్జింగ్‌లో పెట్టి పడుకోవడం వల్ల మనవరాలితో సహా అందరి నిద్రా కుదురుకుంది.

విటమిన్ డి కోసం సూర్యోదయపు ఎండలో నిలబడితే పెద్దగా లాభం లేదు; చర్మంలో దాన్ని తయారుచేసే కిరణాలు పొద్దెక్కిన తరువాతే మన దాకా చేరతాయి. వారానికొకటి వేసుకోమని రాసే 60,000 యూనిట్ల పొడి, లోపం ఉన్నట్టు తేలినవారికి నిర్ణీత కాలానికి మాత్రమే. ఇది కొవ్వులో నిల్వ ఉండే విటమిన్, మానకుండా నెలల తరబడి వాడితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలకు హాని కలుగుతుంది. దోమల కాయిల్ పొగ, సిగరెట్ పొగ ముక్కులోని, శ్వాసనాళాల్లోని పొరలను దెబ్బతీస్తాయి కనుక పడకగదిలో కాయిల్ మానేసి దోమతెర కట్టుకోండి.

మీ నాన్నగారికి డెబ్బై దాటాయని రాశారు. ఆ వయసులో శరీరం కొత్త క్రిములను గుర్తించడంలో వెనుకబడుతుంది, ఎంత మంచి భోజనమైనా ఆ లోటును పూర్తిగా తీర్చలేదు. మన ప్రాంతంలో ఫ్లూ వర్షాకాలంలో ఎక్కువగా వ్యాపిస్తుంది, అందువల్ల మా అమ్మగారికి ఏటా తొలకరికి ముందే ఫ్లూ టీకా వేయిస్తున్నాము, ఒక రకం న్యుమోనియా నుంచి కాపాడే న్యుమోకాకల్ టీకా కూడా వేయించాము. మీ నాన్నగారికి ఈ రెండింటి గురించి ఈసారి వైద్యుని దగ్గరికి వెళ్లినప్పుడే అడగండి.