‘200 మి.లీ.కి’ అంటే అంత కలపడమా, అంతకు చేర్చడమా?

సందేహం: మాస్టారూ, నేను గాజువాకలో ఇంటి దగ్గరే ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ ట్యూషన్ చెబుతాను. మొన్న ఒక తెలుగు మీడియం టెస్టు పేపరులో ఈ లెక్క వచ్చింది: ‘2 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 50 మి.లీ.ను 200 మి.లీ. నీటికి విలీనం చేస్తే వచ్చే ద్రావణం గాఢత ఎంత?’ పిల్లల్లో సగం మంది 0.5 అన్నారు, సగం మంది 0.4 అన్నారు. జవాబుల కీలో 0.5 ఉంది. తప్పు పిల్లలదా, వాక్యానిదా? పనిలో పనిగా ఇంకో రెండు: గాఢత, సాంద్రత ఒకటేనా? మోల్‌కు బహువచనం ఏమిటి?

సమాధానం: తప్పు వాక్యానిదేనమ్మా. ఇంకా చెప్పాలంటే అందులోని ‘కి’ది, దానికి తోడు అక్కర్లేకుండా వచ్చి కూర్చున్న ‘నీటి’ది.

మనం వంటింట్లో ‘గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు’ అంటాం. ఈ ‘కి’ పాళ్లు చెబుతుంది. బియ్యం కొలత బియ్యానిదే, నీళ్ల కొలత నీళ్లదే. రెండూ విడివిడిగా కొలిచి గిన్నెలో పోస్తాం. అదే జలుబు చేసినప్పుడు కషాయం కాచే పెద్దవాళ్లు ‘నాలుగు గ్లాసుల నీళ్లు పోసి గ్లాసుకి దిగేదాకా మరిగించు’ అంటారు. ఈ ‘కి’ హద్దు చెబుతుంది. చివరికి గిన్నెలో మిగలాల్సింది ఎంతో అదే గ్లాసు. ప్రత్యయం ఒకటే, పని వేరు. వంటలో పక్కనున్న క్రియ మనల్ని కాపాడుతుంది. ‘దిగేదాకా’ విన్నాక ఎవరూ ఇంకో గ్లాసు నీళ్లు పోయరు.

మీ పేపరులోని ‘విలీనం చేస్తే’ (అంటే పలచన చేస్తే) అలా కాపాడే క్రియ కాదు. బియ్యం పద్ధతిలో చదివిన పిల్లవాడికి అది 200 మి.లీ. నీళ్లు, 50 మి.లీ. ఆమ్లం. మొత్తం 250. మోల్ అంటే పదార్థం ఎంతుందో చెప్పే ప్రమాణం, లీటరు ద్రావణంలో రెండు మోల్‌లుంటే అది 2 మోలార్. కాబట్టి ఆ ద్రావణం 50 మి.లీ.లో ఉన్నది 0.1 మోల్. దాన్ని 0.25 లీటరుతో భాగిస్తే 0.4. కషాయం పద్ధతిలో చదివినవాడికి ఆఖరి ఘనపరిమాణమే 200. 0.1ని 0.2తో భాగిస్తే 0.5. ఇద్దరికీ రసాయన శాస్త్రం వచ్చు. నన్నడిగితే ఇద్దరికీ మార్కులు వేసెయ్యండి. నిజానికి 0.4 రాసినవాడే వాక్యాన్ని ఉన్నదున్నట్టు చదివాడు, ఎందుకంటే అక్కడ ‘నీటికి’ అని స్పష్టంగా రాసి ఉంది. ఆఖరికి సీసాలో ఉండేది నీరు కాదు, ద్రావణం.

కీలో ఉన్న జవాబే రావాలంటే ‘మొత్తం 200 మి.లీ. అయ్యేదాకా నీరు కలిపితే’ అని రాయాలి. 0.4 రావాలంటే ‘200 మి.లీ. నీరు కలిపితే’ అంటే చాలు. ‘విలీనం’ ఉండి తీరాలనుకుంటే ‘200 మి.లీ. నీటితో’ అనవచ్చు. తృతీయా విభక్తి ‘తో’ వచ్చిందంటే ఇక గొడవ లేదు, అది కలిపేదాన్నే చెబుతుంది.

‘కి’కి విభక్తుల పట్టికలో పక్కింటిదే ‘లో’. ఇదీ ఇలాగే ముంచుతుంది. ‘58.5 గ్రాముల ఉప్పు లీటరు నీటిలో కరిగిస్తే 1 మోలార్’ అని పిల్లలు నోట్సులో రాసుకుంటారు (58.5 గ్రాములంటే ఒక మోల్ ఉప్పు). లీటరు నీటిలో కాదు, లీటరు ద్రావణంలో. ఒకసారి మన ఊళ్లోనే ఒక కాలేజీ ల్యాబులో దగ్గరుండి చూశాను. తూచిన ఉప్పును కొద్ది నీళ్లలో కరిగించి, సన్నటి మెడ ఉన్న ఫ్లాస్కులో పోశారు. మెడ మీద చుట్టూ ఒక గీత ఉంది. నీళ్లు గీత దగ్గరికి వచ్చాక డ్రాపరు తీసుకుని, నీటి పైమట్టపు వంపు అడుగుభాగం గీతను తాకేదాకా చుక్కచుక్కగా వేశారు. అక్కడి అసిస్టెంటు నోట ‘లీటరు నీళ్లు’ అన్న మాటే రాలేదు, ‘మార్కు దాకా’ అన్నాడంతే. ఇంగ్లిష్‌లో ‘డైల్యూట్ టు’ అనేదానికి నాకు తెలిసి ఇంతకు మించిన అనువాదం లేదు. పూర్తి లీటరు నీళ్లు కొలిచి పోస్తే ద్రావణం లీటరు దాటిపోతుంది. పైగా లీటరు నీళ్లు ఇంచుమించు కిలో కాబట్టి పిల్లవాడు రాసుకున్నది మోలారిటీ కాదు, దాదాపు మొలాలిటీ. మోలారిటీలో లెక్క లీటరు ద్రావణానికి, మొలాలిటీలో లెక్క కిలో ద్రావణికి, అంటే కరిగించుకునే ద్రవానికి.

అక్కడ మూడో ‘కి’ వచ్చింది చూశారా! ఇది ‘ఒక్కొక్క’ అనే అర్థంలో వచ్చేది. సముద్రపు నీటిలో కిలోకి సగటున 35 గ్రాముల లవణాలు ఉంటాయంటాం. (నదులు వచ్చి కలవడం వల్ల మన బంగాళాఖాతం పైనీళ్లలో అంతకంటే కాస్త తక్కువే.) ఆ కిలో సముద్రపు నీటిదా, మంచినీటిదా అని పిల్లల్ని అడిగి చూడండి.

ఇక గాఢత, సాంద్రత. రెండూ సంస్కృతమే, రెండింటికీ మామూలు మాటల్లో ‘చిక్కదనం’ అనేస్తాం, అందుకే చిక్కు. ‘గాఢ’ మునగడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది. ‘అవగాహన’దీ అదే ధాతువు. ఒకదానిలో ఇంకొకటి ఎంత మునిగి ఉందో చెప్పేది గాఢత అని గుర్తు పెట్టుకోవచ్చు. సాంద్రత అంటే ఇంత ఘనపరిమాణం ఎంత బరువుందనేది. దానికి రెండో పదార్థంతో పని లేదు, ఉత్త నెయ్యికీ సాంద్రత ఉంటుంది. ఒకే లెక్కలో రెండూ రావచ్చు కాబట్టి ఒకదాని బదులు ఇంకోటి వాడకండి. సల్ఫ్యూరిక్ ఆమ్లం భారశాతం 98, సాంద్రత మి.లీ.కి 1.84 గ్రాములు అనుకోండి. లీటరు బరువు 1840 గ్రాములు, అందులో 98 శాతం ఆమ్లం, మోలార్ ద్రవ్యరాశి (ఒక మోల్ బరువు) 98 గ్రాములు. గాఢత 18.4 మోలార్. ఇక్కడ సాంద్రత ఇచ్చిన సమాచారం, గాఢత రావాల్సిన జవాబు.

ఆఖరిది సరదా ప్రశ్న. రైలు, ఫైలు, మైలు మన నోట పడి రైళ్లు, ఫైళ్లు, మైళ్లు అయ్యాయి. ఆ దారిలో ‘మోలు’ కూడా ‘మోళ్లు’ కావాలి. కానీ ఆ మాట ఇప్పటికే కొట్టేసిన చెట్ల మోళ్లకు పోయింది. క్లాసులో ‘రెండు మోళ్ల ఆక్సిజన్’ అంటే నవ్వుతారు. రాతలో ‘మోల్‌లు’, ‘మోల్‌ల సంఖ్య’ అనండి. నోటితో ‘మోల్స్’ అన్నా నేను తప్పు పట్టను.